అభిమాని చేతిలో కలం

(విల్లియనూరులో జరిగిన సిబ్బంది కుటుంబాల ఆదివారపు కలయికలో ఒక అధికారి చేసిన ప్రసంగం)



ముందుగా ఒక తేదీ గుర్తు చేస్తాను. 2015 జూలై 10. ఆ రోజు బాహుబలి మొదటి భాగం విడుదలైంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైన దేశమంతటికీ ఒకటే ప్రశ్న, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. అప్పుడు నేను పనిచేస్తున్న బ్రాంచిలో మధ్యాహ్నం క్యారియర్లు విప్పగానే ఇదే చర్చ. క్యాష్ కౌంటర్‌లో కూర్చునే పెద్దాయన, చచ్చింది అసలు బాహుబలే కాదని వాదించేవారు. క్లియరింగ్ చూసే కుర్రాడు కట్టప్పకు మంత్రం వేశారన్నాడు. ఊడ్చడానికి వచ్చే ఆవిడ మాత్రం, "రాణిగారు చెప్పుంటారు బాబూ, నౌకరు సొంతంగా ఎక్కడ చంపుతాడు?" అంది. సినిమా వచ్చాక చూస్తే ఆవిడే గెలిచింది. ఉద్యోగం చేసేవాళ్ల కష్టం ఆవిడకు తెలిసినట్టు మాకెవరికీ తెలియలేదు.

ఆ రోజుల్లో మేమందరం చేసిన పనికి ఒక పేరుంది. ఫ్యాన్ ఫిక్షన్. అంటే అభిమానులు అల్లుకునే కథ. ఎవరో రాసిన కథ, ఎవరో తీసిన సినిమా మనకు బాగా నచ్చుతుంది. అది అయిపోయినా మన మనసులో అయిపోదు. ఆ పాత్రలనే తీసుకుని, చెప్పకుండా వదిలేసిన ముక్క మనం పూరించుకుంటాం. బొమ్మ గీస్తాం, పాట కడతాం, వేషం వేసుకుంటాం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ సంతోషం గురించి.

ఈ విషయమే ఎందుకంటే, దానికి కారణం ఈ సభలోనే ఉన్న ఒక తల్లి. ఆవిడ అనుమతితో, పేరు లేకుండా చెబుతున్నాను. వాళ్ల అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల నుంచి మొదలుపెట్టి ముందు వరకు హ్యారీ పాటర్ కథలోని హెర్మయొనీ గురించి కథలు రాస్తోంది. వాళ్లాయన, పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వెయ్యమంటున్నారు. ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "తెలివి ఉంటే సొంత కథ రాసుకోవచ్చు కదండీ? ఎవరో పుట్టించిన మనుషుల్ని పట్టుకుని రాయడం ఏమిటి?"

ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగమే ఆ జవాబు.

ఇక్కడున్నవాళ్లలో మాయాబజార్ చూడనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు! 1957లో కె.వి. రెడ్డి గారు తీశారు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు గారివి. అందులో బలరాముడి కూతురు శశిరేఖ, ఆవిడ ప్రేమించిన అభిమన్యుడు, వాళ్ల పెళ్లి జరిపించే ఘటోత్కచుడు. ఇప్పుడు వ్యాసుడి మహాభారతం తీసి వెతకండి. అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ అనే అమ్మాయే కనపడదు. ఎవరో ఒక అభిమాని, యుద్ధంలో అంత చిన్న వయసులో పోయే కుర్రాడికి ఒక ప్రేమకథ ఉంటే బాగుండునని అనుకున్నాడు. ఆ ఊహ జనంలో తిరిగింది, నాటకమైంది. సురభి వారు మాయాబజార్ నాటకంలో మాయలు చూపించి జనాన్ని నోరు తెరిపించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక సమాజం అది. తర్వాత ఆ కథ సినిమా అయింది. ఇవాళ మనకు శశిరేఖ లేని భారతం బోసిగా ఉంటుంది. గింబళి, గిల్పం అని ఘటోత్కచుడి పరివారం వాడిన మాటలు మన ఇళ్లలో తిరుగుతున్నాయి. పని బాగా చేసిన ఉద్యోగికి మేనేజరు మనసులోనే ఒక వీరతాడు వేస్తాడు. ఇంక్రిమెంటు ఆయన చేతిలో లేదు కదా!

ఇంకోటి. కృష్ణుడు, అర్జునుడు కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు? ఇది పిల్లల ప్రశ్న. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారని మన పిల్లలు అడిగినట్టే. వ్యాసుడు ఆ ఇద్దరికీ యుద్ధం పెట్టలేదు. మనవాళ్లు ఊరుకోలేదు. గయుడనే గంధర్వుణ్ని మధ్యలో పెట్టి ఇద్దరికీ యుద్ధం తెచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు గయోపాఖ్యానం నాటకం రాస్తే ఊరూరా ఆడారు. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం సినిమా వస్తే ఇద్దరు పెద్ద హీరోల అభిమానులూ ఒకే హాల్లో కూర్చుని చూశారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మన స్త్రీల రామాయణపు పాటలు. పేరంటాల్లో, మధ్యాహ్నం పనులు తీరాక నలుగురు ఆడవాళ్లు కూర్చున్నప్పుడు పాడుకున్నవి. రాముడితో సీత అడవికి వెళ్లింది, లక్ష్మణుడూ వెళ్లాడు. మరి లక్ష్మణుడి భార్య ఊర్మిళ పద్నాలుగేళ్లు ఏం చేసింది? వాల్మీకి ఆ సంగతి చెప్పలేదు. మన అమ్మమ్మలు అడిగారు, జవాబు వాళ్లే చెప్పుకున్నారు. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందట. భర్త తిరిగి వచ్చి పక్కన కూర్చుంటే ఎవరో పరాయివాడనుకుని గదమాయించిందట. భర్త బదిలీ మీద దూరపు ఊళ్లో ఉంటే పిల్లలతో, అత్తమామలతో ఒంటరిగా సంసారం ఈదిన వాళ్లు మనలో ఎంతమంది లేరు? వాళ్లకు ఊర్మిళ ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

లక్ష్మణదేవర నవ్వు అని ఇంకో పాట. పద్నాలుగేళ్లు నా దగ్గరకు రావద్దని లక్ష్మణుడు నిద్రాదేవిని వేడుకున్నాడు. గడువు తీరింది. పట్టాభిషేకం సభలో అందరూ కొలువుతీరి ఉండగా ఆవిడ బాకీ వసూలుకు వచ్చి నిలబడింది. లక్ష్మణుడికి నవ్వొచ్చింది. సభలో ఉన్న ప్రతి ఒక్కరూ నన్ను చూసే నవ్వాడని తమ తమ లోపాలు తలుచుకుని కుమిలిపోయారు. ఆడిట్ రిపోర్టు చదువుతూ ఇన్‌స్పెక్టరు చిన్నగా నవ్వితే బ్రాంచిలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఈ పాట కట్టిన వాళ్లకు మనుషులు ఎంత బాగా తెలుసో చూడండి. ఈ పాటల గురించి వెల్చేరు నారాయణరావు గారు పెద్ద వ్యాసం రాశాక బయటి దేశాల పండితులు కూడా వీటిని శ్రద్ధగా చదివారు. ఆ పాటలు పాడినవాళ్లు మాత్రం తమను రచయితలని ఎన్నడూ అనుకోలేదు.

పురాణాలు సరే, మరి ఒక మనిషి పేరు పెట్టి రాసిన పుస్తకాల సంగతేమిటని అడగవచ్చు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం ఉంది. 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో కొత్త రూపంలో వచ్చింది. గురజాడ గారు నాటకానికి తెర దించేశారు. తెలుగువాళ్లు దించలేదు. ముళ్లపూడి వెంకటరమణ గారు గిరీశాన్ని పట్టుకొచ్చి సినిమాల మీద ఉపన్యాసాలు ఇప్పించారు. గిరీశం లెక్చర్లు అని ఆ పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు మధురవాణి చేత ఇంటర్వ్యూలు చేయించారు. ఇద్దరూ సొంత కథలు రాయలేనివాళ్లా? బుడుగును పుట్టించిన చెయ్యి ముళ్లపూడి వారిది. గిరీశం మీద ప్రేమ కొద్దీ, ఆ గొంతు ఇంకొంచెం సేపు వినాలని రాశారు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారు, అదే జరుక్ శాస్త్రి గారు, తన కాలపు కవులకు పేరడీలు రాశారు. పేరడీ వెక్కిరింత అనుకుంటాం. కానీ ఒక కవి నడక ఎముక ఎముకా తెలిస్తే తప్ప ఆ పని చేతకాదు. ఓల్గా గారు విముక్తలో సీత చేత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను పలకరింపజేశారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

బయటి దేశాల్లోనూ ఇదే తంతు. 1893లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను చంపేస్తే పాఠకులు గోల పెట్టారు. పత్రికకు కోపంగా ఉత్తరాలు రాశారు. చివరికి పదేళ్లకు, 1903లో, ఆయన హోమ్స్‌ను బతికించక తప్పలేదు. ఈ లోపల ఇతరులు హోమ్స్ మీద తమ కథలు తాము రాసుకుంటూనే ఉన్నారు. అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ ధారావాహిక 1966లో మొదలైతే, మరుసటి ఏడాదికే అభిమానులు స్పాకనేలియా అనే సొంత పత్రిక వేసుకున్నారు. అలాంటి పత్రికల్లో రాసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మన పేరంటాల పాటలు గుర్తొస్తున్నాయా?

అంత దూరం ఎందుకు, విల్లియనూరు సంగతే చూద్దాం. ఈ చుట్టుపక్కల ద్రౌపది అమ్మన్ గుళ్లున్నాయి. ఉత్సవాల్లో తెల్లవార్లూ తెరుక్కూత్తు ఆడతారు. ఇక్కడి ద్రౌపదికి కాపలాగా ఒక దేవుడున్నాడు, పేరు పోత్తురాజు. మన పోతురాజే! ఈసారి గుడికి వెళితే పిల్లలకు చూపించండి. వ్యాసుడి భారతంలో ఆయన లేడు. ఊరి వాళ్లు ఆ తల్లిని ఒంటరిగా వదల్లేక తమకు తెలిసిన కాపలాదారుణ్ని తెచ్చి పక్కన నిలబెట్టారు. తమిళ నాటకాల్లో అర్జునుడికి అల్లి అనే రాణి ఉంది, మధురను ఏలిన వీరవనిత. ఆవిడా వ్యాసుడికి తెలియదు. ఆ కథలను రంగస్థలం మీద నిలబెట్టిన శంకరదాస్ స్వామిగళ్ 1922లో ఈ పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. 1908 నుంచి 1918 దాకా పుదుచ్చేరిలో తలదాచుకున్న సుబ్రహ్మణ్య భారతి ఇక్కడే పాంచాలి శపథం రాశారు. మొదటి భాగం 1912లో వచ్చింది. నిండు సభలో అవమానపడ్డ ద్రౌపదిలో ఆయనకు పరాయి పాలనలో ఉన్న దేశం కనిపించింది. పాత కథలోకి తన బాధను తీసుకెళ్లాడు కనుకనే అది కొత్త కావ్యమైంది.

మన తిరుక్కామేశ్వరర్ గుడి తేరు మీకు తెలుసు. ఫ్రెంచివారి కాలంలో గవర్నరు వచ్చి తాడు పట్టుకునేవాడు. ఇప్పుడు లెఫ్టినెంట్ గవర్నరు గారు పట్టుకుంటారు. పక్కనే పూలమ్మే ఆవిడ కూడా పట్టుకుంటుంది. తేరు చేసింది వీళ్లెవరూ కాదు. తాడు మీద చెయ్యి వేసినవాళ్లందరికీ మాత్రం అది తమ తేరే.

మన భాషలో అభిమానం అనే మాట ఉంది. ఎవరినైనా ప్రేమించడమూ అభిమానమే. తన గౌరవం తను కాపాడుకోవడమూ అభిమానమే. అభిమానవంతురాలు అంటాం కదా! రెండింటి అడుగునా ఉన్నది ఒకటే, ఇది నాది అనుకోవడం. నాది అనుకున్నవాడు చేతులు కట్టుకుని కూర్చోడు, ఏదో ఒకటి చేస్తాడు. నేను మేనేజ్‌మెంట్ చదువుకున్న రోజుల్లో ఆల్విన్ టాఫ్లర్ మాట ఒకటి విన్నాను. 1980లో ఆయన ప్రోస్యూమర్ అనే మాట కల్పించాడు. కొనేవాడే తయారుచేసేవాడు కూడా అవుతాడని దాని అర్థం. 2012లో ముగ్గురు పరిశోధకులు ఐకియా ఎఫెక్ట్ అని ఒకటి చూపించారు. తాము మడిచిన వంకరటింకర కాగితం బొమ్మలకు జనం దాదాపు నిపుణులు మడిచిన బొమ్మలంత విలువ కట్టారు. అంటే మన చెయ్యి పడితే విలువ పెరుగుతుంది. ఏ ఆవకాయ అయినా మన ఇంట్లో కలిపినంత రుచిగా ఉండదని మనకు ఈ పరిశోధన రాకముందే తెలుసు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. సొంతం ఎందుకు కాదు?

కొత్తగా చేరిన ప్రొబేషనరీ ఆఫీసరుకు మొదటి రోజే కొత్త లోన్ పథకం తయారు చెయ్యమని ఎవరూ చెప్పరు. పాత ఫైళ్లు ఇస్తాం. పాత నోట్లు చూసి రాయమంటాం. ఫారం ఎవరిదో, అందులో నింపే బుద్ధి అతనిది. హెర్మయొనీ ఎలా మాట్లాడుతుందో ఆ అమ్మాయికి ముందే తెలుసు. పాత్రను పుట్టించే బరువు లేదు కనుక సంభాషణ ఎలా నడపాలో, కథ ఎక్కడ ఆపాలో ఒక్కొక్కటే నేర్చుకుంటోంది. పైగా పాఠకుడు కట్టుదిట్టంగా ఉంటాడు. గిరీశం అగ్నిహోత్రావధానుల్లా మాట్లాడితే చదివేవాడు వెంటనే పట్టుకుంటాడు. ఆ కట్టుబాటే గురువు.

ఆ నోటు పుస్తకం నేను చూశాను. అందులో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. అది తెలుగులో ఉంది. ఆ అమ్మాయి బడిలో తెలుగు లేదు. వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు. అక్షరాలు అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. ఒత్తులు తప్పులున్నాయి, దీర్ఘాలు అటూ ఇటూ అయ్యాయి. కథ ఎందుకు తెలుగులో రాశావని అడిగితే, "అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు అంకుల్, చదివి వినిపించాలి కదా" అంది. మొన్నటి కథలో హెర్మయొనీ సెలవులకు పుదుచ్చేరి వచ్చి ఆ అమ్మమ్మ చేతి గోంగూర పచ్చడి తిని మంచినీళ్ల కోసం పరుగెత్తింది. అమ్మమ్మ పడీ పడీ నవ్వి, తర్వాత ఏమైందని అడిగిందట.

మనం ఊళ్లు మారే ఉద్యోగాల్లో ఉన్నాం. పిల్లలు మూడేళ్లకో బడి, ఒక భాష మారుస్తారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మనం ఎన్ని వాచకాలు కొనిపెట్టినా జరగని పని, ఒక నచ్చిన కథ జరిపించింది. ఆ బీరువాకు తాళం వేస్తే లోపల ఉండిపోయేది ఒక్క హెర్మయొనీ మాత్రమే కాదు. అందుకే ఆ తండ్రిగారికి ఈ సభా ముఖంగా నా మనవి. రోజుకు అరగంట కేటాయించండి. తాళం వద్దు.

జాగ్రత్తలు లేవని చెప్పను. మన భాషలోనే దురభిమానం అనే మాట కూడా ఉంది. మా హీరో గొప్ప అంటే మా హీరో గొప్పని ఫోన్లలో తిట్టుకోవడం, ఎదుటివాడి ఇంటి ఆడవాళ్లను కూడా లాగడం అభిమానం కాదు. చేతిలో కుంచె, కలం ఉన్నవాడికి తిట్టడానికి తీరిక ఉండదని నా అనుభవం. పిల్లలు రాసినవి ఇంటర్నెట్టులో పెడతామంటే మొదటి పాఠకులు మీరు అవ్వండి. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఊరు, బడి పేరు, ఫోటో పంచుకోవద్దని చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కస్టమర్లకు రోజూ చెప్పే మనకు ఇది కష్టం కాదు. ఇక కాపీరైటు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. గురజాడ గారు 1915లో పోయారు కనుక గిరీశం ఇప్పుడు అందరివాడు. ఇప్పటి రచయితల పాత్రలతో ఇంట్లో రాసుకుని మురిసిపోవడం వేరు, అచ్చువేసి అమ్ముకోవడం వేరు. అమ్మాలంటే అనుమతి కావాలి. మూల రచయిత పేరు చెప్పడం మాత్రం ఎప్పుడైనా మర్యాద.

ఎలా మొదలుపెట్టాలి అంటారా? రాత్రి భోజనాల దగ్గర టీవీ ఆపేసి ఒక ప్రశ్న వేయండి. కథలో చెప్పకుండా వదిలేసిన ఘట్టం ఏది? అదే సంగతి వంటవాడో, గుర్రమో చెబితే ఎలా ఉంటుంది? ఆ రోజు వాన పడి ఉంటే కథ ఏమయ్యేది? శుభం కార్డు పడ్డాక మర్నాడు పొద్దున వాళ్లింట్లో ఏం జరిగింది? నాన్నగారికో జవాబు వస్తుంది, నానమ్మకు ఇంకోటి వస్తుంది. నానమ్మదే బాగుంటుంది, చూడండి. దాన్ని పిల్లల చేత రాయించండి.

వచ్చే కలయికకు ఇంటికి ఒక పేజీ చొప్పున తీసుకురావాలని కోరుతున్నాను. తెలుగులో ఉండాలి, అక్షర దోషాలు లెక్కలోకి రావు. రాయలేనివాళ్లు బొమ్మ వేయవచ్చు, పాడవచ్చు. బాగున్నవి మన పత్రికకు పంపుదాం. నేనూ ఒకటి మొదలుపెట్టాను. ఘటోత్కచుడు మన బ్రాంచికి ఖాతా తెరవడానికి వస్తాడు. కేవైసీ కౌంటర్ దగ్గర ఆగిపోయింది కథ. ఫోటో ఏ రూపంలో తీయించుకోవాలో ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. వెనక క్యూ పెరిగిపోతోంది. పిల్లలెవరైనా సాయం చేయగలిగితే టీ తాగేటప్పుడు వచ్చి నాకు చెప్పండి.